గుంటూరులో ఐదు సెంట్ల ఇల్లు: లాన్ ఎండిపోయింది, ఈసారి మన మొక్కలే వేద్దామనుకుంటున్నాం. ఏం వేయాలి?

సుధ_గోరంట్ల | 2024 మే 4, సాయంత్రం 6:52

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, గోరంట్ల వైపు. ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు రెండున్నర సెంట్లు పోగా ముందు ఐదు వందల చదరపు అడుగులు, వెనక మూడు వందల యాభై దాకా ఖాళీ ఉంది. మిగతాది పక్కల సందులు.

రెండేళ్ళ క్రితం గృహప్రవేశం ముందు తోట పనులు చేసే ఒకాయనకి ఒప్పజెప్పాం. ముందంతా మెక్సికన్ గడ్డి పరిచి, ప్రహరీ వెంట ఆరు పామ్ మొక్కలు, గేటుకి అటొకటి ఇటొకటి కోనోకార్పస్ పెట్టి నలభై ఎనిమిది వేలు తీసుకున్నాడు. మొదటి ఏడాది ఫోటోలకి బాగుంది. ఇప్పుడు గడ్డి గోనెసంచి రంగులోకి వచ్చేసింది. పామ్‌లలో రెండు పోయాయి. రోజూ గంటన్నర మోటారు వేసి తడుపుతున్నా ఇదీ పరిస్థితి. బోరు నీళ్ళు ఉప్పన, మీటరు పెడితే టీడీఎస్ 1900 చూపిస్తోంది.

మా అత్తయ్య మొదటి నుంచీ ఒకటే మాట. "గేదె లేదు, దూడ లేదు, వాకిట్లో గడ్డెందుకే?"

ఈ వానాకాలానికి అంతా పీకేసి, మన నేలలో మన ఎండకి బతికే మొక్కలు వేద్దామని ఉంది. పూలు ఉండాలి, కాస్త నీడ ఉండాలి, నీళ్ళ టెన్షన్ ఉండకూడదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మిర్చిబజ్జీ | మే 4, రాత్రి 8:10

అత్తయ్య గారికి నా ఓటు.

నల్లరేగడి | మే 4, రాత్రి 9:35

సుధ గారూ, మొక్కల పేర్లు తర్వాత. ముందు నేల సంగతి చెప్పండి. స్థలానికి మెరక తోలించారా? తోలిస్తే ఏ మట్టి, ఎంత లోతు? ముందొకటి, వెనకొకటి రెండడుగుల గొయ్యి తీయించండి. మట్టి పొరలు ఎలా ఉన్నాయో చూడండి. తర్వాత సాయంత్రం గొయ్యి నిండా నీళ్ళు పోసి, తెల్లారి ఎంత మిగిలిందో చెప్పండి. నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాను, ఇప్పుడు తాడికొండ దగ్గర సొంత సేద్యం. గోతిలోకి చూడకుండా చెట్టు పేరు చెప్పడం నాకు చేతకాదు.

సుధ_గోరంట్ల | మే 7, ఉదయం 7:15

తీయించానండి. పైన అడుగున్నర ఎర్ర గ్రావెల్, దాని కింద నల్ల మట్టి. ముందు వైపు గోతిలో ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, ఒక చెప్పు కూడా దొరికాయి. వెనక మెరక తక్కువ, అడుగులోపే నల్లమట్టి తగిలింది. పగుళ్ళలో నా చెయ్యి మణికట్టు దాకా పట్టింది. రాత్రి నీళ్ళు పోస్తే పొద్దున్నకి ముందు గొయ్యి ఖాళీ, వెనక గోతిలో సగం అలాగే ఉంది. కుళాయి దగ్గర నేల మీద తెల్లగా పొరలాంటిది కడుతోంది.

నల్లరేగడి | మే 7, రాత్రి 10:02

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మీకున్నది ఒక పెరడు కాదు, రెండు. ముందు భాగం గ్రావెల్ నేల, నీరు నిలవదు, సారం లేదు. వెనక నల్లరేగడి, ఎండితే రాయి, తడిస్తే బంక. ఒకే మొక్కల జాబితా రెండు చోట్లా పనికిరాదు.

తెల్ల పొర గురించి. చౌడు రెండు రకాలు. పాలచౌడు అంటే ఉప్పు పైకి తేలి తెల్లగా కనిపించేది. మంచి వాన పడి నీళ్ళు కిందికి దిగే దారి ఉంటే అది చాలావరకు కడుక్కుపోతుంది. కారుచౌడు అంటే సోడియం మట్టిని పట్టేసుకున్నది. నేల నల్లగా, గట్టిగా అయి నీళ్ళు ఇంకవు. దానికి జిప్సం వేయాలి. మీది చూడబోతే మొదటి రకంలా ఉంది కానీ కంటితో తేల్చేది కాదిది. పై మట్టిని ఐదారు చోట్ల వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, గోడల నుంచి మట్టి చెక్కి, అంతా కలిపి అరకిలో గుడ్డసంచిలో కట్టి భూసార పరీక్షకి ఇవ్వండి. ముందుది వేరు, వెనకది వేరు. ఎవరో చెప్పారని జిప్సం బస్తాలు దింపించకండి.

గడ్డి ఎందుకు పోయిందో లెక్క చూద్దాం. మన మే నెల ఎండలో పచ్చటి గడ్డికి చదరపు మీటరుకి రోజూ ఐదు లీటర్ల నీళ్ళన్నా కావాలి. మీ ఐదు వందల అడుగులు దాదాపు 46 చదరపు మీటర్లు. అంటే రోజుకి 230 లీటర్లు. నాలుగైదు రోజులకొక వెయ్యి లీటర్ల ట్యాంకు. అదీ ఉప్పు నీళ్ళతో. మీరు పోసిన నీళ్ళు ఎండకి ఆవిరై వెళ్ళిపోతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. రెండేళ్ళుగా మీరు ఆ గడ్డికి నీళ్ళతో పాటు ఉప్పు కూడా పెడుతూ వచ్చారు.

ఇంకొకటి. మీ డాబా వెయ్యి అడుగులు పైనే కదా, వంద చదరపు మీటర్లు అనుకోండి. ఏడాదికి 850 మిల్లీమీటర్ల వాన అని తక్కువ లెక్క వేసినా 85 వేల లీటర్లు డాబా మీద పడుతుంది. ఒక్క చుక్క ఉప్పు ఉండదు. అది ఇప్పుడు పైపులోంచి రోడ్డు మీదకి పోతూ ఉంటుంది. దాన్ని ముందు గ్రావెల్ వైపు తిప్పండి. ఆ నేల తాగుతుంది, ఉప్పు కూడా దిగుతుంది. వెనక నల్లమట్టిలో ఇంకుడుగుంత తవ్వితే వానాకాలమంతా దోమల కుంటే అవుతుంది.

పటమట_మావయ్య | మే 14, ఉదయం 9:20

నిన్న ఓటేసి వచ్చి, ఎండకి పడుకుని, ఇవాళ చదివానమ్మా ఇదంతా. నాకు డెబ్బై రెండు. మా చిన్నప్పటి ఇల్లు తెనాలి దగ్గర పల్లెటూళ్ళో. ఇప్పుడు విజయవాడ పటమటలో ఉంటున్నాను.

మీ అత్తగారు చెప్పింది నవ్వుకునే మాట కాదు. మన ఇళ్ళకి ముందు ఉండేది వాకిలి, వెనక ఉండేది పెరడు. వాకిలి అంటే ఊడ్చి కల్లాపి చల్లి ముగ్గు వేసే జాగా. అక్కడ గడ్డిపరక మొలిస్తే మా నాయనమ్మ తిట్టేది, ఇల్లు పాడుపెట్టారని అనుకుంటారని. అటూ ఇటూ నందివర్ధనం, గన్నేరు, అరుగు పక్కన పారిజాతం, అంతే. అసలు పచ్చదనమంతా వెనక. బావి పక్కన అంట్లు తోమే చోట అరటి పిలకలు, స్నానాల నీళ్ళ కాలవ చివర కరివేపాకు, దడికి గోరింట, వావిలి, దడి మీద కాకర తీగ. ఎక్కడ నీళ్ళు పారతాయో అక్కడ నీళ్ళు తాగే మొక్క, ఎక్కడ పారవో అక్కడ తాగనిది. దేనికీ ఎవరూ ప్రత్యేకంగా నీళ్ళు పోసినట్టు నాకు గుర్తులేదు. ముందు పచ్చగా పరిచి వెనక సిమెంటు పోయడం మనం తర్వాత నేర్చుకున్నాం.

అంట్లు తోమింది అప్పట్లో బూడిదతోనూ కుంకుడు రసంతోనూ అనుకోండి.

నల్లరేగడి | మే 14, ఉదయం 11:48

మావయ్య గారు ఆఖర్న అన్నది ముఖ్యం. ఇప్పటి వాషింగ్ మిషన్ నీళ్ళలో సోడియం ఉంటుంది. నల్లరేగడికి అదే శత్రువు, మట్టి రేణువులు విడిపోయి మూసుకుపోతుంది. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్ళు ధారాళంగా వాడుకోండి. బట్టల నీళ్ళు వద్దు.

తేనెపిట్ట | మే 15, రాత్రి 9:05

సుధక్కా, మాది మంగళగిరి. మూడు సెంట్ల ఇల్లే, అయినా ఆరేళ్ళుగా ఇదే పిచ్చి. నేనైతే ఇలా చేస్తాను.

పడమటి ఎండ గోడ మీద పడే మూలలో రేల చెట్టు. ఏప్రిల్, మే నెలల్లో ఆకులు తక్కువై చెట్టంతా పసుపు గుత్తులే. నీళ్ళు అడగదు. దాని ఆకుల మీద పసుపు సీతాకోకలు గుడ్లు పెడతాయి, పురుగులు ఆకులు తింటాయి. కంగారుపడి మందు కొట్టకు. చెట్టు మళ్ళీ చిగురు వేసుకుంటుంది.

ప్రహరీ వెంట గోరింట. మీ ఊరి పేరే గోరంట్ల కదా, ఇంకో మొక్క పెడితే ఊరు ఊరుకోదు. కత్తిరిస్తే దట్టంగా వస్తుంది, ఎండకి జంకదు, పూస్తే సాయంత్రం వీధి చివరి దాకా వాసన. ఆ వరసలోనే అడ్డసరం నాలుగు. మేకలు ముట్టవు, తెల్లపూలకి తేనెపిట్టలు, తేనెటీగలు వస్తాయి.

గ్రావెల్ నేల చూస్తే నాకు తంగేడే గుర్తొస్తుంది. కొండవీడు దారిలో రాళ్ళ మధ్య ఎవరు నీళ్ళు పోస్తున్నారు దానికి? నడుము ఎత్తున ఉండి పసుపు పూలు. ఒక్కటే షరతు, నీళ్ళు ఎక్కువైతే చస్తుంది.

నీడపట్టున డిసెంబరాలు, కనకాంబరాలు. వెనక కరివేపాకు తప్పదు. కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించే పురుగు ఉంటుంది, అది రెట్ట కాదు, సీతాకోక పిల్ల. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. నాలుగు రెబ్బలు దానికి వదిలేస్తే పోయేదేం లేదు.

మిర్చిబజ్జీ | మే 15, రాత్రి 10:30

ఒక డౌట్. "మన మొక్క" అంటే ఏంటి? బంతి మెక్సికో వైపు నుంచి వచ్చింది. కాగితంపూలు దక్షిణ అమెరికావి. సీతాఫలం అమెరికా ఖండానిది. బిళ్ళగన్నేరు, తురాయి రెండూ మడగాస్కర్. అంతెందుకు, గుంటూరు పేరు చెబితే గుర్తొచ్చే మిరపకాయే పోర్చుగీసు వాళ్ళ ఓడల కాలంలో వచ్చింది. దాన్ని పీకేద్దామా మరి? మిర్చి యార్డు వాళ్ళకి ఎవరు చెప్తారు? కాగితంపూల మొక్క మా ఇంట్లో చుక్క నీరు లేకుండా పదేళ్ళుగా పూస్తోంది. నీళ్ళు ఆదా అవడమే కావలసినప్పుడు పుట్టిన ఊరు అడగడం దేనికి?

తేనెపిట్ట | మే 15, రాత్రి 11:12

తమ్ముడూ, కాగితంపూలు పీకమని నేను అనలేదు. కానీ ఒకసారి ఆ మొక్క ముందు పది నిమిషాలు నిలబడి చూడు, ఎన్ని పురుగులు దాని ఆకు తింటున్నాయో లెక్కపెట్టు. దాదాపు ఏమీ ఉండవు. పక్కనే ఖాళీ స్థలంలో ఎవరూ పట్టించుకోని జిల్లేడు చూడు. చారల గొంగళిపురుగులు, నారింజరంగు సీతాకోకలు, చీమలు, పెద్ద తుమ్మెదలు. ఇల్లు కట్టుకున్నది నువ్వు, ఆ నేలలో ముందు నుంచీ ఉన్నవి అవి. నాలుగు మొక్కలు వాటికి.

మిరప నువ్వు తినడానికి. అది వేరే ఖాతా.

మిర్చిబజ్జీ | మే 15, రాత్రి 11:20

జిల్లేడు ఇంట్లో మొలిస్తే అరిష్టమని మా అమ్మ చీపురు తీసుకుంటుంది. అయినా ఖాతా వేరు అన్న మాట ఒప్పుకుంటున్నా.

పటమట_మావయ్య | మే 16, ఉదయం 5:50

తెల్ల జిల్లేడైతే అదే అమ్మ పసుపు కుంకుమ పెడుతుందిరా.

నల్లరేగడి | మే 16, మధ్యాహ్నం 1:15

పుట్టిన దేశంతో పాటు పుట్టిన నేల కూడా చూడాలి. నూరువరహాలు దక్షిణ భారతానిదే, అచ్చంగా మనదే. కానీ అది పులుపు స్వభావం ఉన్న ఎర్రనేలల మొక్క. మన సున్నపు నల్లమట్టిలో, ఉప్పు బోరు నీళ్ళతో పెడితే ఆకులు పసుపు రంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇనుము ఉన్నా అందదు దానికి. మా ఇంట్లో మూడు చంపాను. కాబట్టి మనదైతే చాలదు, మన వీధిదై ఉండాలి. మీ వీధి చివర ఎవరూ పోషించకుండా బతికేది ఏముందో చూడండి సుధ గారూ, ఒక్క సర్కారు తుమ్మ తప్ప.

ఉప్పు నీళ్ళకి కానుగ, గంగరావి, వేప, గన్నేరు బాగా తట్టుకుంటాయి. నిమ్మ, గులాబీ తట్టుకోవు. గన్నేరు పూలు అందంగానే ఉంటాయి కానీ ఆకు, కొమ్మ, అన్నీ విషమే. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మానుకోండి.

కడియం_కుర్రోడు | మే 17, సాయంత్రం 4:40

నర్సరీలో పనిచేస్తానండి. మమ్మల్ని తిట్టుకోకండి గానీ ఒక మాట. గుంటూరు వాళ్ళు మా దగ్గర మొక్క తీసుకెళ్ళి నల్లమట్టిలో ముద్ద ముద్దగా దింపేస్తారు. మా ముద్ద ఎర్రమట్టి, మీ నేల నల్లది. రెండూ కలవవు. పోసిన నీళ్ళు నల్లమట్టి లాగేసుకుంటుంది, ముద్ద లోపల ఎండిపోతుంది. ఎండాకాలం నల్లమట్టి ముడుచుకుని ముద్ద చుట్టూ సందు ఏర్పడుతుంది, వేరు అటు దాటదు. మొక్క ఏడాది బతికి రెండో ఏడాది పోతుంది, "కడియం మొక్క మంచిది కాదు" అంటారు. కవరు చింపాక ముద్దని మెల్లగా విదిలించి, చుట్టుకున్న వేర్లు విడదీసి, గోతి మట్టిలో కొంచెం ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పెట్టండి. పెద్ద మొక్కకి డబ్బులు పోయకండి. అడుగున్నర మొక్క మూడేళ్ళలో ఆరడుగుల మొక్కని దాటేస్తుంది.

తంగేడు మా దగ్గర అడిగేవాళ్ళు లేక పెంచం. దానిది తల్లివేరు, పీకి నాటితే ఒప్పుకోదు. గింజలు వేడినీళ్ళలో రాత్రంతా నానేసి నేలలోనే వేసుకోండి. రేల గింజ ఇంకా మొండిది. గరుకు కాగితం మీద అంచు రుద్ది నానబెట్టాలి. వేప గింజ అయితే పండు రాలిన రెండు మూడు వారాల్లోపే వేయాలి, దాచుకుంటే మొలవదు.

సివిల్_రమణ | మే 18, రాత్రి 8:25

అందరూ చెట్ల గురించి చెబుతున్నారు, ఇంటి గురించి ఎవరూ అనట్లేదు. నల్లరేగడి మీద కట్టిన ఇల్లండీ ఇది. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది. పెద్ద చెట్టు వేరు పునాది కింద తేమ లాగితే ఆ మూల కుంగి గోడకి ఏటవాలు పగులు వస్తుంది. అలాగే ఒక గోడ పక్కనే రోజూ తడుపుతూ ఉంటే ఆ వైపు ఉబ్బి పగులు వస్తుంది. పగులు చూసి మేస్త్రీని తిడతారు, తప్పు కుళాయిది.

మామూలు పునాది అయితే చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో అంత దూరం ఉండడం మంచిది. ఐదు సెంట్లలో అది కుదరదు, తెలుసు. కాబట్టి వేప, కానుగ, నేరేడు లాంటివి ప్రహరీ లోపల వద్దు. కావాలంటే వీధి అంచున వేయండి, పైన కరెంటు తీగలు చూసుకుని. రావి, మర్రి మొలక గోడలో కనిపించినా సరే ఆ రోజే పీకండి. రేల మధ్యరకం, ఇంటికి పదిహేను ఇరవై అడుగుల దూరంలో ప్రహరీ మూలకి పెట్టండి. సెప్టిక్ ట్యాంకు, సంపు ఎటున్నాయో ముందు కాగితం మీద గీసుకోండి. పూలమొక్కల పాదులు గోడకి మూడడుగులు ఎడంగా.

కోనోకార్పస్ సంపు దగ్గరుంటే ఇవాళే కొట్టించండి. గుజరాత్ 2023లోనే దాన్ని నాటొద్దని నిషేధించింది.

లక్ష్మి_బ్రాడీపేట | మే 19, ఉదయం 10:00

ఇంత గుబురు పెడితే పాములు రావా అండీ? మా వారు ఆ భయంతోనే అంతా గచ్చు చేయించారు. ఇప్పుడు రాత్రి పదకొండుకి కూడా గచ్చు మీద కాలు పెట్టలేం.

తేనెపిట్ట | మే 19, ఉదయం 10:45

పాము మొక్క కోసం రాదు లక్ష్మి గారూ, ఎలుక కోసం వస్తుంది. ఇటుకల కుప్ప, కొబ్బరిమట్టల కుప్ప, విరిగిన కుండీలు తీసేయండి. పొదల కింద అడుగు ఎత్తు దాకా కొమ్మలు కత్తిరించి నేల కనిపించేలా ఉంచండి. ఆరేళ్ళలో మా ఇంట్లో రెండుసార్లు కనిపించింది. రెండుసార్లూ మోటారు షెడ్డు దగ్గరే, మొక్కల్లో కాదు.

సుధ_గోరంట్ల | జూన్ 9, రాత్రి 9:30

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మా పామ్ మొక్కల్లో ఇంకో రెండు పగిలాయి. నిన్నటి వానకి నేల మెత్తబడింది, పని మొదలుపెట్టేశాం.

భూసార పరీక్షలో ముందు వైపు ఉప్పు ఎక్కువ అని వచ్చింది, కారుచౌడు కాదట. జిప్సం ఖర్చు తప్పింది. గడ్డి పీకించాం. కోనోకార్పస్ రెండూ కొట్టించాం. ఒకటి సంపుకి నాలుగు అడుగుల్లో ఉంది రమణ గారూ, వేరు సంపు గోడని తడుముతూ కనిపించింది.

ప్లాను ఇది. గేటు నుంచి గుమ్మం దాకా వాకిలి ఖాళీ, మట్టినేల. అది అత్తయ్య వాటా, ఎవరూ అడగడానికి లేదు. పడమర మూల రేల. తూర్పు ప్రహరీకి గోరింట పద్దెనిమిది కొమ్మలు, అడ్డసరం నాలుగు. గ్రావెల్ భాగంలో తంగేడు గింజలు. మా తోడికోడలిది వరంగల్లు, తంగేడు అనగానే ఎగిరి గంతేసింది. బతుకమ్మకి గుంటూరులో పువ్వు దొరకట్లేదని ఆమెకి ఏటా బాధ. గింజలు ఆమే తెచ్చింది. ఆరుచోట్ల వేశాం. వెనక కరివేపాకు, పారిజాతం, కూరగాయలు కడిగిన నీళ్ళు పారే చోట అరటి. వర్షపు నీళ్ళ పైపు ముందుకి తిప్పించాం.

ఇంట్లో చిన్న గొడవ కూడా అయింది. మా వారికి లాన్ మీద కుర్చీ వేసుకుని కాఫీ తాగాలని ఉండేదట. రెండేళ్ళలో ఒక్కసారి కూడా తాగలేదు. అయినా ఉండేదట.

నల్లరేగడి | జూన్ 9, రాత్రి 10:10

బాగుంది. రెండు మాటలు. మొదటిది, తంగేడు చదునుగా వేయకండి, జానెడు ఎత్తు బోదెలు తోలి వాటి మీద వేయండి. ఇప్పుడు ఎండ గురించి ఆలోచిస్తున్నారు గానీ మనది ఎడారి కాదు. ఎనిమిది నెలలు ఎండబెట్టి, ఒక్క రోజులో ముంచేసే ఊరు మనది. రెండోది, పాదుల్లో ఎండుటాకులు, వరిగడ్డి మూడంగుళాల మందం పరచండి, మొదలుకి జానెడు దూరంలో. మొదలుకి ఆనిస్తే చెదలు ఎక్కుతాయి.

రేల పక్కన ఐదు లీటర్ల మట్టికుండ మూతి దాకా పాతి నీళ్ళు నింపి మూత పెట్టండి. కుండ చెమర్చి వేరుకి అందిస్తుంది. మూడు నాలుగు రోజులకొకసారి నింపితే చాలు. ఉప్పు నీళ్ళు పోస్తే కుండ రంధ్రాలు మూసుకుంటాయి, దానికి మాత్రం మంచినీళ్ళే.

భారతి_4వ_అంతస్తు | జూలై 2, మధ్యాహ్నం 3:30

విజయవాడలో ఫ్లాటు, పడమటి బాల్కనీ. ఇవన్నీ కుండీల్లో వస్తాయా?

తేనెపిట్ట | జూలై 2, సాయంత్రం 7:00

కరివేపాకు, డిసెంబరాలు, శంఖుపువ్వు తీగ, మల్లె వస్తాయి. రేల, తంగేడు ఆశ పెట్టుకోకండి. సిమెంటు కుండీ వేడికి వేరు ఉడికిపోతుంది, పెద్ద మట్టికుండీలు తీసుకుని ఒకదాని నీడ ఒకదాని మీద పడేలా గుంపుగా పెట్టండి.

సింగ్‌నగర్_వాసు | సెప్టెంబర్ 17, రాత్రి 8:50

ఈ చర్చ మేలో చదివి నేనూ మొదలుపెట్టాను. మాది విజయవాడ సింగ్‌నగర్. ఆగస్టు 31 వాన, తర్వాత బుడమేరు వాగు వరద. ఏమైందో అందరికీ తెలిసిందే. మా వీధిలో నడుము దాటి నీళ్ళు, వారం పైన నిలిచాయి. మేం డాబా మీద ఉన్నాం. ఇల్లు కడుక్కోవడానికే ఇన్నాళ్ళు పట్టింది, ఇవాళ పెరట్లోకి వెళ్ళాను.

జానెడు బురద పేరుకుంది. కరివేపాకు పోయింది. బొప్పాయి పోయింది. మల్లె, తంగేడు ఎక్కడున్నాయో కూడా తెలియట్లేదు. పదేళ్ళ కానుగ చెక్కుచెదరలేదు. గంగరావి ఆకులు రాల్చి మళ్ళీ చిగురు వేస్తోంది. కాలవ గట్టున వేసిన వట్టివేరు మీద బురద గడ్డకట్టింది గానీ లోపల పచ్చగానే ఉంది. ఇంట్లో ఫ్రిజ్, మంచాలు, పుస్తకాలు అన్నీ పోయాయి. గంగరావి చిగురు చూసి నవ్వొచ్చింది, ఎందుకో తెలియదు.

ఎండకి ఏ మొక్క అని అడిగేవాళ్ళు నీటికి ఏ మొక్క అని కూడా అడగండి.

పటమట_మావయ్య | సెప్టెంబర్ 18, ఉదయం 6:05

నాయనా వాసూ, మాకు ఫోన్ చేస్తే వచ్చేవాళ్ళం కదయ్యా. ఏం కావాలన్నా ప్రైవేటు మెసేజ్ పెట్టు. కరివేపాకు పిలకలు నా దగ్గర బోలెడు ఉన్నాయి.

నల్లరేగడి | సెప్టెంబర్ 18, మధ్యాహ్నం 12:40

వాసు గారూ, ఆ బురద పూర్తిగా ఎండేదాకా తవ్వకండి, తడిలో తొక్కితే నేల ఇటుకైపోతుంది. ఎండి పెచ్చులు కట్టాక, చెట్ల మొదళ్ళ చుట్టూ పేరుకున్నది మాత్రం పాత నేలమట్టం దాకా తీసేయండి. కానుగకి కూడా మొదలు కప్పేస్తే ఊపిరాడదు. మురుగు కలిసిన నీళ్ళు కాబట్టి ఈ సీజన్‌లో అక్కడ ఆకుకూరలు వేయకండి.

సుధ_గోరంట్ల | అక్టోబర్ 6, సాయంత్రం 5:15

వాసు గారి పోస్టు చదివాక మాది చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంది. మాకు నీళ్ళు నిలిచింది రెండు రోజులే. బద్ధకించి చదునుగా వేసిన తంగేడు నాలుగూ పోయాయి. బోదె మీద వేసినవి రెండూ ఉన్నాయి. నల్లరేగడి గారు చెప్పింది రెండు చోట్లే చేశాం, ఆ రెండే మిగిలాయి. వెనక పారిజాతం కూడా వేరుకుళ్ళు వచ్చి పోయింది, నీళ్ళు దిగని చోట పెట్టాం. ఈసారి ముందు వైపు గట్టు మీద పెడతాను. గోరింట పద్దెనిమిదిలో పదిహేను బతికాయి.

అత్తయ్య వాకిలి మాత్రం ఒక్క వానకి గుల్లయింది. గ్రావెల్ మీద పేడనీళ్ళు నిలుస్తాయా? చెరువుమట్టి రెండు ట్రాక్టర్లు తోలించి, దిమ్మిస కొట్టించి మళ్ళీ అలికించాం. ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పలేదు!

మిర్చిబజ్జీ | అక్టోబర్ 6, సాయంత్రం 6:00

వచ్చింది బతుకమ్మ పండగ, తంగేడు రెండు మొక్కలు. తోడికోడలు గారి స్పందన?

సుధ_గోరంట్ల | అక్టోబర్ 6, సాయంత్రం 6:20

మాట్లాడట్లేదు.

సుధ_గోరంట్ల | 2025 ఏప్రిల్ 20, ఉదయం 6:30

చాలా రోజులకి వచ్చాను. లెక్క చెబుతాను. పోయిన ఏడాది ఇదే రోజుల్లో మోటారు రోజూ గంటన్నర తిరిగేది. ఇప్పుడు మొక్కల కోసం వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు. రేల నా భుజం దాకా వచ్చింది, ఇంకా పువ్వు లేదు. నాలుగైదేళ్ళు ఆగమని తేనెపిట్ట చెప్పింది. డిసెంబరాలు సంక్రాంతి దాకా ఊదారంగులో విరగబూశాయి. తంగేడు రెండూ మూడడుగులయ్యాయి, ఒకటి మొగ్గ వేసింది. ఫోటో వరంగల్లు పంపాను. మాట్లాడుతోంది.

చెడ్డ కబురు కూడా ఉంది. అడ్డసరం నాలుగింటిలో రెండు ఈ ఎండకి మాడాయి, పడమటి ఎండ వేడి తట్టుకోలేదనుకుంటా. గ్రావెల్ భాగంలో ఇంకా సగం నేల బోసిగానే ఉంది. వచ్చే చుట్టాలు "ఇంకా తోట వేయలేదా?" అని అడుగుతున్నారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు కరివేపాకు మొక్క దగ్గరికి తీసుకెళ్ళి ఆ రెట్టలాంటి పురుగుని చూపిస్తున్నాను. అంతటితో వాళ్ళే కాఫీ తాగి వెళ్ళిపోతున్నారు.

మా వారి కుర్చీ వాకిట్లోకి వచ్చింది. సాయంత్రం ఆరు తర్వాత అలికిన నేల చల్లగానే ఉంటుంది. ముగ్గు తొక్కకుండా కూర్చోవాలని అత్తయ్య షరతు.

సివిల్_రమణ | ఏప్రిల్ 20, ఉదయం 9:10

గోడకి పగుళ్ళేమైనా?

సుధ_గోరంట్ల | ఏప్రిల్ 20, ఉదయం 9:25

లాన్ ఉన్నప్పుడు వచ్చినది ఒకటి ఉంది, ఈశాన్యం మూల. పెన్సిల్‌తో చివర గుర్తు పెట్టాను. ఆరు నెలలుగా గుర్తు దాటలేదు.

లక్ష్మి_బ్రాడీపేట | ఏప్రిల్ 20, ఉదయం 11:40

సుధ గారూ, మేం గచ్చు ఒక పక్క పగలగొట్టించాం, మా వారిని ఒప్పించడానికి ఏడాది పట్టింది. ఇంతకీ ఆషాఢానికి మీ గోరింటాకు కాస్త దొరుకుతుందా? బజారులో కోన్లు తప్ప ఆకు ఎక్కడా కనిపించట్లేదు.

సుధ_గోరంట్ల | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 12:05

అత్తయ్య ఇప్పటికే వీధిలో పదకొండు మందికి మాటిచ్చేశారండి. మీరు పన్నెండో వారు. త్వరగా రండి, ఆలస్యమైతే మోళ్ళే మిగులుతాయి. కవరు మీరే తెచ్చుకోవాలి.